గోరింక గూటి మీద ఎర్ర చుక్క

"ఆ సుక్క తీసీండి బాబూ. నానింకేటీ అడగను. ఆ ఒక్క సుక్క తీసీండి," అంది వరహాలక్ష్మి.

ఉమామహేశ్వరరావు కంప్యూటరు మీంచి తలెత్తలేదు. నర్సీపట్నంలో ఆయనకు సిమెంటూ ఇనుమూ అమ్మే కొట్టుంది. కొట్టు మేడ మీద పచ్చచూపు సంఘం ఆఫీసు. దానికీ ఆయనే ప్రెసిడెంటు. గోడల నిండా పులులు, ఏనుగులు, నెమళ్ళు, అన్నీ ఫ్లెక్సీలే. కింద లారీలోంచి ఊసలు దించినప్పుడల్లా పైన పులులు గజగజలాడుతున్నాయి.

"ఏ చుక్కమ్మా?"

"మా గుంట చిట్టితల్లి తీసిన ఫోటో సుక్క. గోరింక గూడుది."

కంప్యూటరులో కొయ్యూరు కొండల పటం ఉంది. పటం మీద అమ్మోరు పోసినట్టు ఎర్ర చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో ప్రాణి. దాని మీద నొక్కితే ఫోటో వస్తుంది, పేరు వస్తుంది, దారి కూడా వస్తుంది. ఇక్కడ బండి దిగు, ఇక్కడ మలుపు తిరుగు, ఇదిగో చెట్టు, ఇదిగో తొర్ర.

"ఇది దొంగోడికి కూడా దారి సూపెడతాది కదా బాబూ?"

"అందరికీ తెలియాలనే కదమ్మా ఈ కార్యక్రమం. ప్రజలు సేకరించిన సమాచారం ప్రజలకే చెందాలి. దాచిపెడితే అది సైన్సు ఎలా అవుతుంది?"

"అయితే మీ బీరువా తాళం ఎక్కడెట్టినారో అదీ ఎక్కించీండి. పెజలకే కదా."

ఉమామహేశ్వరరావు అప్పుడు తలెత్తాడు. మెడలో టేపు వేలాడేసుకుని, చీర కుచ్చిళ్ళకు దారం ముక్కలు అంటుకుని, పని మధ్యలో లేచి వచ్చిన దర్జీ మనిషి. ఇలాంటి మనిషి తనతో ఇలా మాట్లాడుతోందేమిటా అన్నట్టు చూశాడు.

"చూడమ్మా, రాష్ట్రంలో మన బృందం మొదటి స్థానంలో ఉంది. ఆ గోరింక రికార్డుతోనే వచ్చింది ఆ స్థానం. తీసెయ్యడం కుదరదు. నువ్వెళ్ళి జాకెట్లు కుట్టుకో తల్లీ."

జరిగింది ఇదీ. పోయిన ఆదివారం "ఇంటిల్లిపాదీ అడవికి" అని పేరు పెట్టి పచ్చచూపు వాళ్ళు బస్సుల్లో జనాన్ని కొయ్యూరు పైన నేరేడుగరువుకు తోలుకెళ్ళారు. పిల్లలకు టోపీలు, పెద్దలకు ఆకుపచ్చ బనీన్లు, బండ్లకు అతికించుకోడానికి ఆకు బొమ్మ స్టిక్కర్లు. ఊరికే చూసి రావడం కాదు. ఏ కుటుంబం ఎక్కువ జాతుల ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కిస్తే ఆ కుటుంబానికి బహుమతి. మంచి పనే, కాదని ఎవరన్నారు? టీవీ ముందు కూలబడే జనం ఒక పూట చెట్టు కిందికి రావడం మంచిదే. కాకికీ కోయిలకీ తేడా తెలియని పిల్లలు మెడ పైకెత్తి చూడటం మంచిదే. కానీ బహుమతి అనేసరికి జనానికి పూనకం వచ్చింది. లోపల వేరే రకం చీమ ఉంటుందేమోనని ఒకాయన పుట్ట తవ్వేశాడు. ఒకావిడ పువ్వును ఫోటో తీసి, వెనకొచ్చేవాళ్ళకు దొరక్కూడదని పువ్వు తెంపేసింది. నేరేడుగరువు వాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఈ సంత చూశారు. ఏది ఏ చెట్టో, ఏది ఏ పిట్టో వాళ్ళను ఎవరూ అడగలేదు. వాళ్ళ కోళ్ళను మాత్రం ఫోటోలు తీశారు.

వరహాలక్ష్మి అబీద్ సెంటర్ దగ్గర సందులో జాకెట్లు కుడుతుంది. మొగుడు నానాజీ సామాన్ల ఆటో తోలతాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు చిట్టితల్లి, నాలుగో తరగతి. ఆదివారం నానాజీకి కిరాయి ఉండి రాలేదు, తల్లీకూతుళ్ళే వెళ్ళారు. చిట్టితల్లి గుంపుతో పరిగెత్తలేదు. సింహాద్రమ్మ అనే ముసలావిడ అరుగు మీద అడ్డాకుల విస్తళ్ళు కుడుతుంటే పక్కన కూలబడి, తనకూ ఒక పుల్ల ఇమ్మంది. వంకరటింకర విస్తరి ఒకటి కుట్టింది.

"సిల్లు పడింది, పులుసు కారిపోతాది," అని సింహాద్రమ్మ నవ్వింది. "రా, నీకోటి సూపెడతాను."

తల్లినీ పిల్లనూ ఊరి వెనక్కి తీసుకెళ్ళింది. పైన ఎండిపోయిన పెద్ద మద్ది చెట్టు. మనిషికి అందనంత ఎత్తులో తొర్ర. తొర్ర అంచున నల్లగా నిగనిగలాడుతూ పిట్ట, తల పక్కన పసుపు రాసినట్టు తోలు, ముదర పండిన మిరపకాయ ముక్కు. లోపలి నుంచి పిల్లల కీచులు.

"కొండ గోరింక. మనిసి లాగ మాటాడతాది. అందుకే దానికి మనిసితో ఆపద. ఎవులికీ సెప్పకేం తల్లీ?"

చిట్టితల్లి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది. తను చూసుకోడానికి మాత్రం అమ్మ ఫోన్లో ఒక ఫోటో తీసుకుంది.

మధ్యాహ్నం బిర్యానీ దగ్గర వచ్చింది తిరకాసు. ప్లేటు కావాలంటే కూపను కావాలి. కూపను కావాలంటే ఫోను ఇవ్వాలి. అందులో ఫోటోలన్నీ, తీసిన చోటుతో సహా, యాప్‌లోకి ఎక్కాకే కూపను. ఆ టేబులు దగ్గర జగదీశ్వరరావు కూర్చున్నాడు. సంఘం కోఆర్డినేటరు, మెడలో ఈల. "ఆ గూడు ఫోటో వద్దు బాబూ" అని వరహాలక్ష్మి అంటూనే ఉంది, ఆయన వేలు నొక్కేసింది. నొక్కి, ఫోటో చూసి, లేచి నిలబడి ఈల ఊదాడు.

"కొండ గోరింక గూడు! జాక్‌పాటమ్మా!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆకలేసిన పిల్లను క్యూలో నిలబెట్టి దాని ఒట్టు లాక్కున్నారు, దానికి చప్పట్లు. చిట్టితల్లి ఆ బిర్యానీ ముట్టలేదు. అప్పటి నుంచీ ఇంట్లో ఒకటే మాట, "ఆ మామ్మ నానే సెప్పీసినాననుకుంటాదమ్మా."

అందుకే ఇప్పుడు వరహాలక్ష్మి ఇక్కడ నిలబడి ఉంది. జాకెట్లు కుట్టుకో అన్నాక కూడా నిలబడే ఉంది. ఏం అనాలా అని టేబులు వైపు చూస్తే, పేపర్‌వెయిట్ కింద రంగు కాగితం కనబడింది. వచ్చే ఆదివారం ముగింపు సభకు ఫ్లెక్సీ నమూనా. మధ్యలో చిట్టితల్లి తీసిన ఫోటో. కింద పెద్ద అక్షరాలతో: "ప్రత్యేక ఆకర్షణ! మాట్లాడే కొండ గోరింక పిల్లలు! తాకండి, ఫోటో దిగండి!"

"ఇదేటి?"

"పిల్లలకు ప్రకృతిని దగ్గర చెయ్యాలి కదమ్మా. ఫోటోలో చూస్తే ఏం తెలుస్తుంది? చేత్తో పట్టుకుంటే ప్రేమ పుడుతుంది. సభ అయిపోగానే మళ్ళీ అదే గూట్లో పెట్టించేస్తాం."

"షామియానా కుర్చీలేటి బాబూ, అద్దెకి తెచ్చి తిరిగిచ్చీడానికి?"

"పై ఆఫీసర్లతో మాట్లాడాం. జగదీశ్వరరావు పొద్దున్నే జీపేసుకుని వెళ్ళాడు. ఇక నువ్వు వెళ్ళమ్మా, నాకు లోడు దిగుతోంది."

మెట్లు దిగుతూనే అడవి ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతల ఎవరో మొత్తం విని, ఆవులించి, దరఖాస్తు రాసుకుని సోమవారం రమ్మన్నారు. సోమవారం! సభ ఆదివారం. చేప సముద్రంలో కలిసిపోయాక వల తెమ్మన్నట్టు.

నానాజీ మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు దింపుతున్నాడు. ఒంటిపూట బడి విడిచిపెడితే చిట్టితల్లి వచ్చి ఆటోలోనే కూర్చుని ఉంది.

"మావా, బండి తియ్యి."

"ఎక్కడికే?"

"కొండ మీదకి. బేగి."

"సగం బస్తాలు ఇంకా పైనున్నాయి. షావుకారు తంతాడు నన్ను."

"తన్నితే తన్నించుకుందువు గానీ. గోరింక పిల్లల్ని పట్టీడానికి జీపెల్లింది."

నానాజీ పెళ్ళాన్ని చూశాడు, ఆటోలో ఉన్న పిల్లను చూశాడు. ఆ పిల్ల ఏడవడం లేదు, పళ్ళు బిగబట్టుకుని ఉంది. అది ఏడిస్తే ఏదో సర్దిచెప్పేవాడే. తిట్టుకుంటూ మిగతా బస్తాలు గబగబా దింపేసి బండి స్టార్ట్ చేశాడు.

"పిట్ట కోసం పెట్రోలు కాల్చినోడు నర్సీపట్నంలో నానొక్కడినే," అని దారి పొడుగునా గొణిగాడు. గొణుగుతూనే ఘాటు రోడ్డు మలుపుల్లో బండిని ఎప్పుడూ తోలనంత జోరుగా తోలాడు.

నేరేడుగరువు దగ్గరికొచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా వెదురు గడ. గడకు పసుపు, మామిడాకులు. వెనక పాతిక మంది ఆడవాళ్ళు పాట పాడుతూ నవ్వుతున్నారు. అవి ఇటుకల పండగ రోజులు. చైత్రంలో ఆ పండగకు మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవిలోకి వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు గడ కట్టి వచ్చేపోయే బండ్లను ఆపుతారు. ఏదో ఒకటి ఇవ్వందే గడ లేవదు. కలెక్టరు బండైనా అంతే. ఉత్త చేతులతో తిరిగొచ్చిన వేటగాడికి పేడనీళ్ళ స్నానం, దానికి కుండ కూడా సిద్ధంగా పెట్టుకుంటారు.

"ఓ ఆటో బావా! మా ఊరి పన్ను కట్టీసి ఎల్లు!"

"పన్ను నేకపోతే మెడలో టేపున్న ఆ పెళ్ళాన్నిచ్చీసి ఎల్లు, జాకెట్లు కుట్టించుకుంటాం!"

నవ్వులు. సింహాద్రమ్మ గుంపులోంచి బయటికొచ్చింది. చిట్టితల్లిని చూసి మొహం విచ్చుకుంది. పిల్ల తల్లి వెనక్కి నక్కింది.

"పెద్దమ్మా, తెల్ల జీపేదైనా పైకొచ్చిందేటి?" అంది వరహాలక్ష్మి దిగుతూనే.

"ఆకు బొమ్మ అంటించిన జీపా? పొద్దున్నే వచ్చింది. ఈల బాబుది. ఆదివారం నా ఇంట అంబలి తాగినాడు కదా. మనింట తాగినోడ్ని ఆపకండర్రా అని గడ నానే ఎత్తించీసినాను. ఏటి, ఏటైంది?"

అదీ వాళ్ళ పద్ధతి. ఊరి అంబలి తాగినవాడు ఊరివాడితో సమానం, పండగలో అతని బండికి గడ అడ్డం పెట్టరు. సొంత మనిషి అనుకుని చేజేతులా దారిచ్చారు.

వరహాలక్ష్మి ఒక్క గుక్కలో చెప్పేసింది. కూపను, ఫోను, చుక్క, ఫ్లెక్సీ. చెప్పి, "గుంట ఎవులికీ సెప్పలేదు పెద్దమ్మా. ఫోన్ ఇచ్చింది నాను. దాన్నేటీ అనకు," అంది.

పాట ఆగిపోయింది. సింహాద్రమ్మ మాట్లాడింది గానీ, గొంతు ఆదివారం నాటిది కాదు.

"అడవి సూపించండి, మా పిల్లలకి అడవంటే తెలీదు అని మీరే వచ్చినారు. అయ్యో అనిపించి సూపించినాం. మీకు సూపించడమంటే ఇచ్చీడమేటమ్మా? కొండ సూపిత్తే కొండ, సెట్టు సూపిత్తే సెట్టు, పిట్ట సూపిత్తే పిట్ట? మీ కళ్ళు సూడ్డానికి నేవా, పట్టుకుపోడానికేనా?"

వరహాలక్ష్మి తలొంచుకుంది. అంతలో పై మలుపులో ఇంజను చప్పుడు.

"గడ గట్టిగా పట్టుకోండే!" అని సింహాద్రమ్మ అరిచింది.

జీపు వచ్చి ఆగింది. పైన నిచ్చెన కట్టి ఉంది. జగదీశ్వరరావు కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు.

"ఏంటి సింహాద్రమ్మా, పొద్దున్న వదిలేసి ఇప్పుడు ఆపుతున్నారా? ఇదిగో, పండగ ఖర్చు." నోటు చాచాడు. ఎవరూ అందుకోలేదు. ఇంకో నోటు కలిపాడు.

"డబ్బొద్దు బాబూ. ఎనకాలున్న పెట్టి దించు."

వెనక సీట్లో మామిడిపళ్ళ అట్టపెట్టె ఉంది. చుట్టూ పెన్నుతో పొడిచిన బెజ్జాలు. లోపల గీరుతున్న చప్పుడు. పక్కన గొడ్డలి. గొడ్డలి అంచుకు కొత్త చెక్కపొడి.

"అది సంఘం సామాను. మీకేం సంబంధం?" అన్నాడు జగదీశ్వరరావు.

ఆడవాళ్ళలో ఎవరో గొంతెత్తారు. మిగతావాళ్ళు అందుకున్నారు.

"వేటకెళ్ళిన మొనగాడు, నిచ్చెనేసి ఎక్కినాడు,
రెక్కలు రాని కూనలని అట్టపెట్టిలో నొక్కినాడు!"

అతని నవ్వు పోయింది. "ఏయ్! ఎవరితో మాట్లాడుతున్నారో తెలుస్తోందా? నేనొక్క ఫోను చేశానంటే, ఇప్పుడు అడవిలో వేటకెళ్ళిన మీ మగాళ్ళందరూ కేసుల్లో ఉంటారు. జంతువుల్ని చంపడం నేరం, తెలుసా? జైలు!"

ఈ మాటతో అందరూ చల్లబడిపోయారు. అది ఉత్త బెదిరింపు కాదు. గొడ్డలి పట్టుకుని చెట్టెక్కి పిల్లల్ని దించినవాడు ప్రకృతి ప్రేమికుడట. తాతల నాటి పండగ చేసుకునేవాడు నేరస్థుడట. పైగా వీడు ఫోన్ చేస్తే వచ్చేవాళ్ళు వస్తారు, దరఖాస్తులు అడగరు, సోమవారం దాకా ఆగరు. మహాలక్ష్మమ్మ అనే చిన్నవయసు పిల్ల, మొగుడు వేటలో ఉన్నాడు, గడ మీంచి చెయ్యి తీసేసింది. ఆమె పక్కనున్న చెయ్యి కూడా సడలింది.

వరహాలక్ష్మి వెళ్ళి ఆ ఖాళీలో నిలబడి గడ పట్టుకుంది.

"సెయ్యి ఫోను. నాను కూడా సెప్తాను వాళ్ళకి. గూడు గొట్టినోడెవడో, కూపను కోసం పిల్ల కడుపు మాడ్చినోడెవడో. వాళ్ళ మగోళ్ళ మీద కేసు రాసినోడు నీ పెట్టి మీద రాయడా? రాయకపోతే నర్సీపట్నంలో నీ సభ కాడ కూకుంటాను. కుట్టు మిషను తెచ్చుకుని మరీ కూకుంటాను. వచ్చినోళ్ళందరికీ సెప్తాను."

"నువ్వెవరివి మధ్యలో? నువ్వు టౌను మనిషివి!"

"అదే నా సిగ్గు."

"నానాజీ, నీ భార్యకు చెప్పు!" అన్నాడు జగదీశ్వరరావు. నానాజీ ఆటో ప్రెసిడెంటు గారి సిమెంటు కొట్టుకు కూడా సామాన్లు వేస్తుంటుంది.

నానాజీ బుర్ర గోక్కున్నాడు. ఆటో ఎక్కాడు. సరే, వెళ్ళిపోతున్నాడనుకున్నారు అందరూ. బండిని ముందుకూ వెనక్కూ ఆడించి, గడ వెనక రోడ్డుకు అడ్డంగా నిలబెట్టి, తాళం తీసి సింహాద్రమ్మ చేతిలో పెట్టాడు.

"నాకు డ్రైవింగు రాదు బాబూ," అన్నాడు.

ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. మహాలక్ష్మమ్మ చెయ్యి మళ్ళీ గడ మీదకొచ్చింది. సింహాద్రమ్మ పేడనీళ్ళ కుండ తెప్పించి జీపు తలుపు దగ్గర పెట్టించింది.

"ఇను బాబూ. ఉత్త సేతులతో వచ్చిన వేటగాడికి ఈ నీళ్ళు పోత్తాం. పెట్టి ఇచ్చీసినావంటే ఉత్త సేతులోడివి, ఓ కుండ పోసి ఒగ్గేత్తాం, నవ్వుకుంటాం, అయిపోతాది. ఇవ్వలేదనుకో, నువ్వు మా అంబలి తాగి మా సెట్టు దోసినోడివి. దానికి మా ఊర్లో పద్ధతి నేదు. ఎవులూ ఎప్పుడూ సెయ్యలేదు. ఏటి సెయ్యాలో ఇప్పుడు ఆలోసించుకోవాల."

డ్రైవరు అప్పటికే దిగి దూరంగా నిలబడ్డాడు. జగదీశ్వరరావు అటూ ఇటూ చూశాడు. ఫోన్ తీశాడు. ఆ మలుపులో సిగ్నలు లేదు. వెనక సీట్లోంచి పెట్టె తీసి కిటికీలోంచి ఇచ్చాడు. మాటంటే మాటే. ఆకుపచ్చ బనీను మీద, ఈల మీద, కుండ మొత్తం పోశారు. నిచ్చెన కూడా ఉంచుకుని, ఆటో పక్కకు తీయించి గడ ఎత్తారు.

గెలిచామనుకున్నారు. చెట్టు దగ్గరికి వెళ్ళేదాకానే ఆ గెలుపు.

తొర్ర లేదు. అంత ఎత్తున గొడ్డలితో నరికి, చెయ్యి పట్టడానికని, మానును అడుగు పొడుగున చీల్చేశారు. లోపలి గడ్డీ ఈకలూ నేల మీద చిందరవందరగా పడి ఉన్నాయి. ఎండు చెక్క పచ్చిపుండులా కనబడుతోంది. వరహాలక్ష్మి నోట్లోంచి జీవితంలో ఎప్పుడూ అనని బూతు వచ్చింది. పిల్ల పక్కనే ఉందని కూడా చూసుకోలేదు. మళ్ళీ అదే పటంలో ఈ చెట్టు మీద ఎర్ర చుక్క ఇంకా మెరుస్తూనే ఉంటుంది. రాష్ట్రంలో మొదటి స్థానం!

మహాలక్ష్మమ్మ నిచ్చెన ఎక్కింది. రాలిన గడ్డి ఏరి అందిస్తే లోపల పరిచింది. పెట్టెలో పిల్లలు రెండూ, ముళ్ళలాంటి ఈకలతో, నోళ్ళు తెరుచుకుని వణుకుతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది. చీలిక మీద మద్ది బెరడు అడ్డం పెట్టి అడ్డాకు తీగ నారతో బిగించి కట్టింది. పైన ఒక పిట్ట దూరేంత సందు ఉంచింది.

లోయ అవతలి నుంచి గోరింక అరుపు వినబడింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. దగ్గరికి మాత్రం రాలేదు.

"వత్తాయా పెద్దమ్మా?" అంది వరహాలక్ష్మి.

"మనుసులుంటే రావు. ఎల్లిపోండి."

"కొంచెం దూరంలో కూకుని..."

"ఎల్లిపోండమ్మా," అంది సింహాద్రమ్మ. కోపంగా కాదు, అలిసిపోయి. "మేవూ ఎల్లిపోతాం. సూడాలనుంటాది, నాకూ ఉంటాది. సూడకూడదు."

చిట్టితల్లి ముసలావిడ ముందుకొచ్చి నిలబడింది. సింహాద్రమ్మ దాని నెత్తి మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఉంచి, భుజం పట్టుకుని రోడ్డు వైపు తిప్పింది.

ఘాటు దిగుతుంటే నానాజీ ఈసారి గొణగలేదు. కింద సిగ్నలు రాగానే వరహాలక్ష్మి ఫోను మోగింది, ఉమామహేశ్వరరావు. ఎత్తింది. ఆయన అరిచిందంతా విని, "రేపు పొద్దున్నే కొట్టు తీసేసరికి మీ మెట్ల మీద ఉంటాను. సుక్క తీసిందాకా లెగను," అని పెట్టేసింది.

"అమ్మా," అంది చిట్టితల్లి. "అవి ఈపాటికి వచ్చీసుంటాయా?"

"తెలీదే."

"ఆ మామ్మకి ఫోన్ సేద్దామా? సూసి ఫోటో పంపుతాది."

"వద్దు."

"మరెలా తెలుత్తాది?"

వరహాలక్ష్మికి ఒళ్ళు మండిపోతోంది, కానీ పిల్ల మీద కాదు. ఆ ప్రశ్న తననూ లోపల తొలుస్తూనే ఉంది.

"మనకి తెలవదు," అంది. "ఊరుకో."